వరి చదువుకి వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

రాజేంద్రనగర్‌లో వరి బ్రీడింగ్ మీద, అంటే కొత్త వరి రకాలు తీసే పని మీద, పీహెచ్‌డీకి సీటొచ్చిందని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. వెంటనే మీ పెద్దమ్మకి చెప్పి, పక్కింటివాళ్ళకి చెప్పి, కాలవ గట్టు మీద కనిపించిన వాళ్ళందరికీ చెప్పొచ్చాను. ఫీల్డ్ అసిస్టెంటుగా బతుకంతా వరి ఫారాల్లో గడిపినవాడి ఇంట్లోంచి ఒక వరి సైంటిస్టు వస్తోందంటే ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా. అయితే "అక్కడ ఎవరి పని వాళ్ళదే నాన్నా, నా జోలికి ఎవరూ రారు, ఒక్కదాన్నే హాయిగా చేసుకుంటాను" అన్నావట. ఆ మాట వింటే నాకు టెన్షన్ మొదలైంది, రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఏ రోజుది ఆ రోజే నోట్‌బుక్‌లో ఎక్కించు. లేబుల్ పెన్సిల్‌తోనే రాయి, ఇంకు వానకి పోతుంది. విత్తనం సంచికి లోపలొకటి, బయటొకటి లేబుల్ ఉండాలి. నీకు జ్వరమొచ్చిన రోజున నీ నోట్‌బుక్ చూసి పక్కవాళ్ళు పని చేసేలా ఉండాలి. ఇవి ఎవరైనా నేర్పుతారు.

ఇది మాత్రం నీకు ఎవరూ చెప్పరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మన జిల్లా కాదులే, వేరే చోట ఒక ఫారంలో ఒక సైంటిస్టు దగ్గర వేశారు నన్ను. బాగా చదువుకున్న మనిషి, పని అంటే ప్రాణం. ఆ ఏడు సార్వాకి, అదే వానాకాలం పంటకి, ఆకుమడి (నారుమడి) పోసిన మర్నాడే పెద్ద వాన పడింది. మొలకలు కొట్టుకుపోయి ఒక వరసలోవి పక్క వరసలో చేరాయి, ఆకు లేచాక చూస్తే పైకి ఏమీ తెలియలేదు. ఆకు తీసే రోజున ఒక పెద్దావిడ కట్ట చేత్తో పట్టుకుని, "బాబుగారూ, ఇందులో రెండు రకాలున్నాయండి, కొన్నిటికి మొదలు ఊదాగా ఉంది, కొన్నిటికి పచ్చగా ఉంది" అంది. మొదలు దగ్గర ఆ రంగు చూసి రకాలు గుర్తుపట్టొచ్చని నీకు పుస్తకంలో చెప్పే ఉంటారు. ఆవిడ పుస్తకం చదవలేదు, చిన్నప్పట్నుంచీ ఆకు తీస్తోంది అంతే. ఆయన నోట్‌బుక్ చూసుకున్నాడు, అందులో ఆ వరసంతా ఒకటే రకమని ఉంది. "నువ్వా నాకు చెప్పేది? కూలికొచ్చావు, ఆకు తియ్యి" అన్నాడు, అందరి ముందూ.

ఆవిడ మళ్ళీ వంగి పనిలో పడింది. ఆ రోజు నుంచి ఆ చేలో ఎవరూ ఆయనకి ఏమీ చెప్పలేదు. నీళ్ళు పెట్టేవాడు చెప్పలేదు, కలుపు తీసేవాళ్ళు చెప్పలేదు, ఆయనే వచ్చి అడిగితే "బాగానే ఉందండి" అనేవారు. ఈనే వేళకి ఒకే వరసలో కొన్ని దుబ్బులు ముందు ఈనేశాయి, కొన్ని ఇంకా పొట్ట మీదే ఉన్నాయి. అప్పటికే ముందు ఈనినవాటి పుప్పొడితో క్రాసులు చేసేశారు, అంటే దాన్ని వేరే రకం పూలకి పట్టించేశారు, ఇక ఏ గింజకి తండ్రి ఎవరో తేల్చి చెప్పేవాళ్ళు లేరు. ఆ సీజన్ క్రాసులన్నీ పారేయాల్సి వచ్చింది. ఇంతమంది ఉండి ఒక్కళ్ళూ చెప్పలేదేమని ఆయన అరిచాడు. మళ్ళీ ఏడాది కొత్త విత్తనం తెప్పించుకున్నాడు గానీ, ఆవిడ ఆ ఫారానికి రావడం మానేసింది, అలాంటి కన్ను ఆయనకి మళ్ళీ దొరకలేదు.

నువ్వు ఆయనలాంటిదానివని అనడం లేదు తల్లీ. కానీ నీకు కోపం ముక్కు మీదుంటుంది. టెన్త్‌లో ఉండగా నీ లెక్క తప్పని తమ్ముడు చూపిస్తే వాడితో మాట్లాడడం మానేశావు, లెక్క నిజంగా తప్పే అయినా. నా భయమంతా అదే. నీకు తప్పు చెప్పడానికి జంకే మనిషి నీ చేలో ఉంటే నీ డేటాని నమ్మకు. ఎవరైనా వచ్చి ఏదో తేడాగా ఉందంటే లేచి వెళ్ళి చూడు, ఏమీ లేకపోయినా చెప్పినందుకు అక్కడే, అందరూ వినేలా, ఒక మంచి మాట అను.

ఒక్కదాన్నే అంటావు, మన మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకాన్నే చూడు, దాని నంబరు ఎంటీయూ 7029. వశిష్ట, మసూరి అనే రెండు రకాలు కలిపి తీసిన ఆ రకం 1982లో విడుదలై ఒడిశా, బెంగాల్ దాకా పోయింది. దానికి లేనిదల్లా ముంపు తట్టుకునే గుణం. అది ఒడిశా రైతుల పాత రకం ఒకదాంట్లో ఉంది. ఆ జన్యువేదో అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్ళు కలిసి పట్టుకుని 2006లో బయటపెట్టారు, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దాన్ని స్వర్ణలోకి ఎక్కించారు, 2009లో స్వర్ణ సబ్ 1 పేరుతో మన దేశంలో విడుదలైంది. రెండు వారాలు నీట మునిగినా పైరు బతుకుతుంది. ఊడ్చిన చేల మీదికి డ్రెయిన్లు పొంగే మన ఊళ్ళకి దాని విలువ ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. అందులో ఒక్కళ్ళ పేరే రాయమంటే ఎవరిది రాస్తావు?

పేర్లంటే గుర్తొచ్చింది. పేపర్ పని మొదలయ్యే రోజే ఎవరు ఏం చేస్తారో, ఎవరి పేరు ఎక్కడుంటుందో మాట్లాడుకుని రాసిపెట్టుకోండి. చివర్లో చూద్దాంలే అనుకుని మాటలు మానేసిన స్నేహితుల్ని చూశాను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కే అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి 1925లో చెప్పిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చిందే మన ఊళ్ళో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర. నీ థీసిస్‌లో ఫీల్డు మనుషుల పేర్లు పూర్తిగా రాయి, 'క్షేత్ర సిబ్బందికి' అని ఒక్క ముక్కతో సరిపెట్టకు. మాలో చాలామందిమి మా పేరు అచ్చులో చూసుకోకుండానే రిటైరయ్యాం.

ఇంకొకటి, దీన్ని తీసిపారేస్తావని తెలిసే రాస్తున్నాను. సాయంత్రం పూట క్రాసింగ్‌కి పుప్పొడి తిత్తులు తీసేటప్పుడు ఒక్కదానివే ఉండకు. ఒకళ్ళు తీస్తుంటే ఇంకొకళ్ళు కవరు తొడిగి లేబుల్ కడితే తప్పులు తగ్గుతాయి. అది నీ గైడ్ చెప్పే కారణం. పొద్దుగూకాక గట్ల మీద పాములు తిరుగుతాయి, అది నా కారణం. టార్చి, బూట్లు, పక్కన మనిషి, ఈ మూడూ ఉండాలి. మందు కొట్టిన చేలోకి ఆ రోజు దిగకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ల్యాబులో ఇంటికి వెళ్ళలేని పిల్లలెవరైనా ఉంటే వెంటబెట్టుకురా, ముందు ఒక ఫోన్ చెయ్యి చాలు. మన వైపు అప్పటికి రెండో పంట, అదే దాళ్వా, ఊడ్పులు నడుస్తుంటాయి, అందరినీ చేలోకి తీసుకెళ్తాను. మీ పెద్దమ్మ పనసపొట్టు కూర చేస్తానంటోంది.

మీ పెదనాన్న