పాత 6 వోల్టుల బుల్లెట్‌కి తర్వాతి మోడల్ ఆల్టర్నేటర్ పడుతుందా?

మీరు అడిగింది 1970ల నాటి 6 వోల్టుల బుల్లెట్ 350కి, 1990ల బండిలోంచి తీసిన 12 వోల్టుల ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) పెట్టవచ్చా, దానికోసం ఇంజన్ విప్పాలా అని. పెట్టవచ్చు, ఇంజన్ విప్పక్కర్లేదు. నా 1974 మోడల్‌కి నేను ఇలాగే మార్చాను, ఇప్పుడు రాత్రిపూట హైవే మీద కూడా ధైర్యంగా తీసుకెళ్తున్నాను. కానీ డబ్బు పెట్టేముందు అసలు మార్చాల్సిన అవసరం ఉందా అని చూసుకోండి, చాలామంది ఈ మాట చెప్పరు.

ఎందుకంటే ఈ బండ్లలో ఉన్నది పర్మనెంట్ మ్యాగ్నెట్ ఆల్టర్నేటర్, దానికి సొంతంగా 6 వోల్టులు అనే హద్దేమీ లేదు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతూ పోతుంది, దాన్ని 6 దగ్గర పట్టి ఉంచేది బ్యాటరీ. పాత లూకాస్ (ఈ ఆల్టర్నేటర్ల కంపెనీ) పద్ధతిలో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ కూడా ఉండదు. ఆల్టర్నేటర్‌లో కదలకుండా ఉండే కాయిల్స్ భాగం స్టేటర్, దాని లోపల తిరిగే మ్యాగ్నెట్ రోటర్. స్టేటర్ నుంచి మూడు వైర్లు వస్తాయి, పగలు కొన్ని కాయిల్స్ మాత్రమే ఛార్జ్ చేస్తాయి, లైట్ స్విచ్ వేస్తే మిగతావి కూడా కలుస్తాయి, అంతే. మీ స్టేటర్ బాగుంటే, ఆ స్విచ్ ఏ రెండు వైర్లను కలుపుతోందో వాటిని శాశ్వతంగా కలిపేసి, రెండు వైర్లుగా చేసి, 12 వోల్టుల రెగ్యులేటర్ రెక్టిఫయర్‌కి (ఏసీని డీసీగా మార్చి వోల్టేజీని అదుపు చేసేది) ఇస్తే అదే పాత ఆల్టర్నేటర్ 12 వోల్టుల బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. ఐడిల్‌లో కాస్త తక్కువ ఇస్తుంది, రోడ్డెక్కాక సరిపోతుంది. వైర్ రంగులు నమ్మొద్దు, ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో తెలియదు, మీటర్ పెట్టి చూడండి.

స్టేటర్ బాగుందా లేదా అంటే: ఒక్కో వైర్‌కీ ఇనుప కోర్‌కీ మధ్య కంటిన్యుటీ (మీటర్‌లో కరెంటు దారి) అస్సలు ఉండకూడదు. నా దాంట్లో ఉంది. నూనెలో నాని వైర్ల మీద ఇన్సులేషన్ పెళుసెక్కి ఊడిపోయింది, మ్యాగ్నెట్ కూడా బలహీనపడింది, అందుకే మార్చడం తప్పలేదు.

మార్చేటప్పుడు రోటర్, స్టేటర్ రెండూ ఒకే బండివి తీసుకోండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏళ్లు మారేకొద్దీ కొలతలు మారాయి, పాత రోటర్ మీద కొత్త స్టేటర్ పైకి చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, గ్యాప్ ఎక్కువైతే ఛార్జింగ్ రాదు, తక్కువైతే రాసుకుంటుంది. ఒక షాపులో నాకు రెండు వేర్వేరు బండ్లవి కలిపి సెట్ అని చేతిలో పెట్టారు, అక్కడే వెర్నియర్‌తో కొలిచి తిరిగి ఇచ్చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో వెతికినా, చెన్నై పుదుపేటలో వెతికినా మీ పాత రోటర్ వెంట తీసుకెళ్లి బోర్, కీ గాడి పోల్చుకోండి.

పని పెద్ద కష్టం కాదు. ఎడమవైపు ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీస్తే ప్రైమరీ చైన్ కేస్ మూత మధ్యలో ఉన్న ఒకే ఒక నట్టుతో వచ్చేస్తుంది, కింద ట్రే పెట్టండి, నూనె కారుతుంది. తీసిన రోటర్‌ని ఇనుప బల్ల మీద పెట్టొద్దు, ఇనుప రజనంతా లాగేస్తుంది. కొత్తది బిగించాక చుట్టూ 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ తిప్పండి, ఒకవైపు దూరకపోతే స్టేటర్‌ని పట్టి ఉంచే స్టడ్ వంగి ఉంటుంది, దాన్ని సరిచేయాలి కానీ స్టేటర్‌ని అరగదీయకూడదు. వైర్ చైన్‌కి తగలకుండా పోవాలి, బయటికొచ్చే చోట రబ్బరు కొత్తది వేయండి, లేకపోతే లీకేజీ ఖాయం. పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటును తెంచే కాంటాక్టులు) ఇంజన్‌కి రెండోవైపు, అంటే టైమింగ్ వైపు ఉంటాయి కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్ గురించి టెన్షన్ వద్దు.

తర్వాతి మోడళ్ల స్టేటర్‌కి నాలుగు వైర్లు ఉంటే రెండు హెడ్‌లైట్‌కి నేరుగా వెళ్లే ఏసీ కరెంటుకి, రెండు బ్యాటరీకి. వాటిని ఒకదానితో ఒకటి కలిపేయకండి, దాని రెగ్యులేటర్లు కూడా అదే బండివి తెచ్చుకోండి. హెడ్‌లైట్ నేరుగా ఏసీ మీద వెలిగితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మసకబారుతుంది, నాకది నచ్చదు, మీ ఇష్టం.

ఇక 12కి మారాక బ్యాటరీ, బల్బులన్నీ, హారన్, ఫ్లాషర్, ఇగ్నిషన్ కాయిల్ మార్చాల్సిందే. 6 వోల్టుల కాయిల్‌ని 12 మీద వదిలేస్తే వేడెక్కుతుంది, పాయింట్లు కూడా కాలిపోతాయి. అమ్మీటర్ మాత్రం అలాగే ఉంచుకోవచ్చు, అది కొలిచేది ఆంపియర్లే. పాత బండ్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ (ప్లస్ టెర్మినల్ ఫ్రేమ్‌కి కలిపి) ఉంటుంది, మీరు కొనే రెగ్యులేటర్ నెగటివ్ ఎర్త్‌ది అయితే తిప్పి కలిపిన క్షణంలో పోతుంది, కాబట్టి బ్యాటరీ విప్పకముందే ఏ టెర్మినల్ ఫ్రేమ్‌కి వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

2009 క్లాసిక్‌లో ఉన్న యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే) ఇంజన్ ఆల్టర్నేటర్ ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా వద్దనండి, ఆ ఇంజన్ నిర్మాణమే వేరు, మీ చైన్ కేస్‌లో పట్టదు.

అంతా బిగించాక హెడ్‌లైట్ వేసి, కొంచెం రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బాగున్నట్టే. 15 దాటితే బండి వెంటనే ఆపి ముందు రెగ్యులేటర్ ఎర్త్ చూడండి. మీ స్టేటర్ నుంచి ఎన్ని వైర్లు వస్తున్నాయో రాయండి, ఏది ఎక్కడ కలపాలో చెబుతాను.