సైలెన్సర్ విప్పే ముందు

బాలానగర్, హైదరాబాద్

చి. శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు లేత్ మీద పనిలో ఉన్నాను, సగమే వినపడింది. రాణిగంజ్‌లో కొన్న 58 సీసీ రంపం మిషన్ చింత మొద్దులో సగం దిగేసరికి ఆగిపోతోందని, వీడియోలు చూసి సైలెన్సర్‌కి బెజ్జాలు వేస్తానని అన్నావు. ఇవి ఫోన్లో తేలే సంగతులు కావు, అందుకే రాస్తున్నా.

ముందు మిషన్ కింద ఏం రాలుతోందో చూడు. పొడుగు పేళ్లు రాలితే చైన్‌కి పదునున్నట్టు. పిండిలాంటి పొట్టు రాలుతుంటే తప్పు ఇంజనుది కాదు, పళ్లది. పవర్ లేదని నా దగ్గరికి తెచ్చిన మిషన్లలో చాలావాటికి ఆకురాయి తప్ప ఇంకేమీ అక్కర్లేకపోయింది. చైన్ మీద .325 అని ఉంటే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి తెచ్చుకో. 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి మాత్రమే తొయ్యి. ఒక పంటికి నాలుగు తోపులైతే అన్నిటికీ నాలుగే, లేకపోతే కోత పక్కకి పోతుంది. పంటి ముందుండే చిన్న మెట్టు పంటి కొన కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుంటే చాలు. ఎక్కువ కొరకాలని దాన్ని ఇంకా అరగదీశావో, మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది. చైన్ తిరిగే 22 అంగుళాల బార్ తీసి 18 అంగుళాలది వేసి చూడు, అదే ఇంజను హుషారుగా తిరుగుతుంది.

పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీలుస్తుంది. ఆ వారానికి సరిపడా మాత్రమే ఆయిల్ కలుపుకో. మిషన్‌తో వచ్చిన కాగితంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20. అందాజాగా పొయ్యకు.

ఇక సైలెన్సర్. ఇవన్నీ చేశాక కూడా పవర్ చాలదనిపిస్తేనే దాని జోలికి వెళ్లు. పొగ బయటికి పోయే దారి ఇరుకుగా ఉంటే టూ స్ట్రోక్ ఇంజను ఊపిరాడనట్టు చేస్తుంది, నిజమే. కానీ దారి పెంచితే గాలి ఎక్కువ లాగుతుంది, దానికి తగ్గ పెట్రోల్ పడక పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కుర్రతనంలో ఒక ఆర్‌ఎక్స్ 100 బైక్ సైలెన్సర్ లోపలి గొట్టం కోసేసి, కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ మార్చకుండా మేడ్చల్ రోడ్డెక్కాను. మోత విని మురిసిపోతుండగానే వెనక చక్రం బిగుసుకుపోయి బండి ఈడ్చుకుపోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కి పొగ పోయే వైపంతా గోళ్లతో గీరినట్టు చారలు. తప్పు నాదే, ఖర్చూ నాదే.

అందుకని సైలెన్సర్ ఊడదీసి, విడిగా పట్టుకునే డ్రిల్ చెయ్యి. ఇనుప రజను ఒక్కటి కూడా మిగలకుండా దులుపు. కొత్త దారి, సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే బెజ్జం వైశాల్యంలో ముప్పాతిక దాటకూడదు. పొగ నీ చేతుల వైపు, ప్లాస్టిక్ ట్యాంకు వైపు తిరగకూడదు. నిప్పురవ్వల్ని ఆపే జాలీ తిరిగి పెట్టాల్సిందే, ఏప్రిల్‌లో ఎండుటాకుల మధ్య పని చేసేవాడివి.

బిగించాక కార్బొరేటర్ మీద హెచ్ అని ఉన్న స్క్రూని ఎడమకి కొంచెం తిప్పు, ఒక చుట్టులో ఎనిమిదో వంతు. గాల్లో పట్టుకుని రెండు మూడు సెకన్లే ఫుల్ రేస్ ఇవ్వు. బుడబుడమని తడిగా మోగాలి, అదే చైన్ కర్రలో దిగగానే గొంతు సర్దుకుని నున్నగా పలకాలి. గాల్లోనే దోమలా సన్నగా కీచుమంటే పెట్రోల్ చాలట్లేదన్నమాట, వెంటనే ఇంకొంచెం విప్పు. నాలుగు మొద్దులు కోశాక ప్లగ్ తీసి చూడు. కాఫీ రంగైతే సరే, సున్నం తెలుపైతే ఆపెయ్.

సిలిండర్ లోపలి దారులు గ్రైండర్‌తో గీకడం, అడుగు ప్యాకింగ్ తీసెయ్యడం, ఫ్లైవీల్ కీ అరగదీయడం మాత్రం వద్దు. ఆ బోరుకి పూత ఉంటుంది, అది ఒక్కచోట లేచిందంటే స్కూటర్‌కి కొట్టించినట్టు రీబోర్ కొట్టించడం కుదరదు, కొత్త సిలిండరే.

చెవులకి మఫ్స్ పెట్టుకో. నా కుడి చెవి సంగతి నీకు తెలుసుగా, ఫోన్ ఎప్పుడూ ఎడమకే పెడతాను. గాలివానకి కూలినవి సరే, పచ్చగా నిలబడ్డ చెట్టు కొట్టమని ఎవరైనా పిలిస్తే అనుమతి కాగితం చూపించమను. నీరు, భూమి, చెట్లని కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది.

ఆదివారం మిషన్ తీసుకురా. సైలెన్సర్ విప్పకుండా తీసుకురా. షెడ్డు వెనక తుమ్మ మొద్దు ఒకటి పడుంది, పళ్లకి పదును పెట్టి ముందు దాన్ని కోసి చూద్దాం.

మీ మామయ్య