వెర్నర్ కణాలకు యూవీ కాదు, క్యాంప్టోథెసిన్ ఇచ్చి చూడండి

వెర్నర్ సిండ్రోమ్ (వయసుకు ముందే ముసలితనం తెచ్చే జన్యువ్యాధి) రోగి చర్మకణాలకు యూవీ (అతినీలలోహిత) కిరణాలు ఇచ్చినా మామూలు కణాలతో తేడా రాలేదని రాశారు. మీ చేతిలో తప్పేమీ ఉండకపోవచ్చు. ఈ కణాలు యూవీకి పెద్దగా జంకవు. ఈ వ్యాధిలో చెడిపోయేది 1996లో గుర్తించిన డబ్ల్యూఆర్‌ఎన్ జన్యువు. అది ఇచ్చే హెలికేజ్ (డీఎన్‌ఏ పోగులను విడదీసే ఎంజైము), డీఎన్‌ఏ ప్రతికృతి (నకలు తయారీ) మధ్యలో నిలిచిపోయినప్పుడు దాన్ని చక్కదిద్దుతుంది. కాబట్టి ఆ దశలోనే దెబ్బతీసే క్యాంప్టోథెసిన్ అనే మందు గానీ, డీఎన్‌ఏ రెండు పోగులనూ ముడివేసే మైటోమైసిన్-సి గానీ వాడండి. డీఎన్‌ఏను దెబ్బతీసే 4-నైట్రోక్వినోలిన్ ఆక్సైడ్ అనే రసాయనం కూడా పాతదే అయినా మంచి పరీక్ష.

ప్రతికృతి జరుగుతుంటేనే తేడా తెలుస్తుంది కనుక విభజన చెందుతున్న కణాలే కావాలి. అసలు చిక్కంతా అక్కడే! మామూలు ఫైబ్రోబ్లాస్టులు (ఈ రకం చర్మకణాలు) దాదాపు 60 సార్లు రెట్టింపయితే, ఇవి 20 దగ్గరే చతికిలబడతాయి. అందుకే తొలి పాసేజీలలోనే (కణాలను కొత్త పాత్రలోకి మార్చే విడతలు) ప్రయోగం ముగించండి. టెలోమరేజ్ (క్రోమోజోముల కొసలను పొడిగించే ఎంజైము) చేర్చిన కణాలైతే మరీ జాగ్రత్త, నైట్రోక్వినోలిన్ పట్ల సున్నితత్వం వాటిలో తగ్గిపోతుంది.