సరిహద్దు దాటి బోకెతే అడవులకు

ప్రశ్న: నేను, నా భార్య వచ్చే ఫిబ్రవరిలో కోస్టారికా చూసి, అక్కడి నుంచి వీపున సంచులతో, బస్సుల్లోనే పనామాలోని బోకెతే అనే కొండ ఊరికి వెళ్లాలనుకుంటున్నాం. అక్కడ నాలుగు రోజులుంటాం. బరూ అగ్నిపర్వతం ఎక్కడమే మా ముఖ్య ఉద్దేశం. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులు, ఇద్దరికీ అమెరికా వీసా ఉంది. సరిహద్దు దగ్గర ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? అడవిలో తిరగడానికి గైడు అవసరమా? తెలియజేయగలరు.

జవాబు: మీ ఆలోచన బాగుంది. అయితే ఒక మార్పు మొదటే సూచిస్తాను. బరూ శిఖరాన్ని వాతావరణం అనుకూలిస్తే చేసే పనిగా పెట్టుకొని, మీ నాలుగు రోజుల్లో ఎక్కువ భాగాన్ని ఆ కొండను అల్లుకొని ఉన్న మేఘారణ్యానికి, అంటే తరచూ మబ్బు కమ్మి ఉండే తేమ అడవికి, కేటాయించండి. ఎందుకో చెప్పేముందు సరిహద్దు సంగతి చూద్దాం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు పనామాలో ప్రవేశించడానికి వీసా తీసుకోవాలి. కానీ పలుమార్లు ప్రవేశానికి వీలుండి, ఇంకా గడువు మిగిలి, ఇప్పటికే కనీసం ఒకసారి వాడిన అమెరికా వీసా ఉన్నవారికి మినహాయింపు ఇస్తున్నారు. ఇలాంటి మినహాయింపుల షరతులు తరచూ మారుతుంటాయి కాబట్టి, టికెట్లు కొనకముందే పనామా కాన్సులేట్‌కు రాసి, వారి జవాబు కాగితాన్ని వెంట ఉంచుకోండి. దేశం విడిచి వెళ్తారనడానికి రుజువుగా ముందుకు లేదా తిరుగు ప్రయాణపు టికెట్‌ను, ఖర్చులకు కనీసం 500 డాలర్లు ఉన్నట్టు ఆధారాన్ని అక్కడి అధికారులు అడుగుతారు. బస్సుల్లో తిరిగేవారు చాలామంది ఈ టికెట్ దగ్గరే చిక్కుకుంటారు. విమానం టికెట్ ఉంటే దాని ముద్రిత ప్రతిని, లేకపోతే తిరిగి కోస్టారికాకు వెళ్లే బస్సు టికెట్‌ను ముందే సిద్ధం చేసుకోండి.

రెండు దేశాల మధ్య ఉన్న దారుల్లో మీకు అనువైనది పాన్ అమెరికన్ రహదారి మీద ఉన్న పాసో కనోవాస్. అక్కడ సరిహద్దు ఊరి నడిమధ్య నుంచి పోతుంది. దుకాణాలు చూసుకుంటూ నడుస్తుంటే ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి వచ్చేసినట్టు కూడా తెలియదు, ఎవరూ ఆపరు కూడా. అందుకే బస్సు దిగగానే కోస్టారికా ఇమ్మిగ్రేషన్ కార్యాలయం ఎక్కడో అడిగి, భూమార్గాన వెళ్లేవారికి ఉన్న చిన్న నిష్క్రమణ పన్ను కట్టి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకున్న తరువాతే పనామా కార్యాలయానికి నడవండి. పాస్‌పోర్టులో నిష్క్రమణ ముద్ర, ప్రవేశ ముద్ర రెండూ పడ్డాయని స్వయంగా చూసుకోనిదే అక్కడి నుంచి కదలవద్దు. ఒక ముద్ర తప్పిపోతే ఆ సంగతి బయటపడేది మళ్లీ దేశం దాటే రోజునే. అప్పుడు దిద్దుకోవడం కష్టం.

పనామా గడియారం కోస్టారికా కంటే ఒక గంట ముందు ఉంటుంది. అంటే సరిహద్దు దాటగానే మీ సాయంత్రంలో ఒక గంట తగ్గిపోతుంది. కాబట్టి మధ్యాహ్నానికల్లా పాసో కనోవాస్ చేరేలా బయలుదేరండి. అక్కడి నుంచి దావీద్ నగరానికి, దావీద్ బస్ స్టేషన్‌లో మారి బోకెతేకు బస్సులు దొరుకుతాయి. దావీద్ వేడి మైదానం. అక్కడి నుంచి 40 కిలోమీటర్ల లోపే ఉన్న బోకెతే సుమారు 1,200 మీటర్ల ఎత్తున, కాల్దేరా నది లోయలో ఉంటుంది కనుక గంట ప్రయాణంలోనే గాలి చల్లబడడం మీకు తెలుస్తుంది. డబ్బు విషయంలో ఇబ్బంది లేదు. పనామాలో కాగితపు నోట్లన్నీ అమెరికా డాలర్లే, బాల్బోవా పేరుతో స్థానికంగా ఉన్నవి నాణేలు మాత్రమే. చిన్న దుకాణాల్లో 50, 100 డాలర్ల నోట్లు తీసుకోవడానికి వెనకాడతారు కాబట్టి చిల్లర నోట్లు ఎక్కువగా పెట్టుకోండి.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పక తప్పదు. పనామా నుంచి బయలుదేరిన 6 రోజుల లోపు భారతదేశంలో దిగాలనుకుంటే పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం చూపాలి. లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపవచ్చు. బోకెతే ఉన్న చిరికీ రాష్ట్రంలో ఆ జ్వరం భయం లేదు, అది ఉన్నది పనామా కాలువకు తూర్పున ఉన్న అడవుల్లో. అయినా మన నిబంధన దేశం మొత్తానికీ వర్తిస్తుంది. ధ్రువపత్రం టీకా వేసుకున్న 10 రోజుల తరువాతే చెల్లుతుంది కనుక, స్వదేశం వచ్చే ఆలోచన ఉంటే టీకా సంగతి ముందుగానే చూసుకోండి.

ఇక అడవి గురించి. ఫిబ్రవరి అక్కడ ఎండకాలమే. కానీ కరీబియన్ సముద్రం మీదుగా వచ్చే ఈశాన్య గాలులు తలమాంకా పర్వతశ్రేణిని దాటుతూ సన్నని తుంపరను బోకెతే లోయలోకి మోసుకొస్తాయి. దీన్ని స్థానికులు బహరేకే అంటారు. ఎండ కాస్తుండగానే జల్లు పడుతుంది, లోయలో తరచూ ఇంద్రధనుస్సులు కనిపిస్తాయి. ఆ తుంపరలోని నీటిబొట్లను నాచు, ఆకులు, చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్‌లు పట్టి నేలకు దించుతాయి, అందుకే వాన లేని నెలల్లోనూ అక్కడి వాగులు పారుతుంటాయి. ఈ అడవులే సరిహద్దుకు రెండు వైపులా విస్తరించి, లా అమిస్తాద్ అంతర్జాతీయ ఉద్యానవనంగా ఏర్పడ్డాయి. కోస్టారికా భాగం 1983లో, పనామా భాగం 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

మీరు వెళ్లే ఫిబ్రవరిలో కెట్సాల్ పక్షి గూడు కట్టుకునే కాలం మొదలవుతుంది. మగపక్షి పచ్చని తోక ఈకలు దాని శరీరం కంటే పొడవు. అవకాడో కుటుంబానికి చెందిన అడవి చెట్ల కాయలు దానికి ప్రధాన ఆహారం. కాయను మొత్తంగా మింగి, గింజను మరోచోట కక్కేస్తుంది కనుక ఆ చెట్ల వ్యాప్తికి ఆ పక్షే తోడ్పడుతుంది. గూడుకు పుచ్చిన చెట్టు మాను కావాలి, అంటే ఎండిపోయిన చెట్లను కూడా నరకకుండా వదిలిన ముదురు అడవి ఉంటేనే అది నిలుస్తుంది. ఆ కాయల చెట్టు ఎక్కడ పండిందో రోజూ తిరిగే స్థానిక గైడుకు తెలుస్తుంది, మనకు తెలియదు. ఒక ఉదయాన్ని దీనికోసమే ఉంచుకోమని గట్టిగా చెబుతున్నాను.

నడకకు లోస్ కెట్సాలెస్ కాలిబాటను ఎంచుకోండి. బరూ పర్వతం ఉత్తర భుజం మీదుగా సెర్రో పుంటా గ్రామాన్ని, బోకెతేను కలిపే ఈ దారి సుమారు 10 కిలోమీటర్లు. సెర్రో పుంటా వైపు ఎత్తు ఎక్కువ కనుక అటు నుంచి ఇటు నడిస్తే దిగుడే ఎక్కువగా ఉంటుంది. కాలిబాటన కొన్ని గంటల దూరమైన ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు మాత్రం కొండ చుట్టూ తిరిగిపోతుంది. అందుచేత ఉదయాన్నే వాహనంలో సెర్రో పుంటా వైపు దిగబెట్టి, పెద్ద సంచులను బోకెతేలోనే ఉంచే ఏర్పాటు మీ బసవారితో మాట్లాడుకోండి. వరదలకు, కొండచరియలు విరిగిపడటానికి ఈ బాట పలుమార్లు దెబ్బతిన్నది కనుక, తెరిచి ఉందో లేదో ముందురోజు ఉద్యానవనం సిబ్బందిని అడగండి.

బరూ ఎత్తు 3,474 మీటర్లు, పనామాలో అన్నింటికంటే ఎత్తైన శిఖరం. బోకెతే వైపు నుంచి ఎక్కేందుకు సుమారు 13 కిలోమీటర్లు, దిగేందుకు అంతే, మొత్తం ఎక్కుడు దాదాపు 1,700 మీటర్లు. దారి చాలావరకు జీపులు వెళ్లే రాళ్ల బాట, అడవి అందాలు అక్కడ తక్కువ. సూర్యోదయానికి పసిఫిక్ మహాసముద్రాన్ని, కరీబియన్ సముద్రాన్ని ఒకేసారి చూడాలని చాలామంది అర్ధరాత్రి బయలుదేరతారు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఆ దృశ్యం నిజంగానే దక్కుతుంది. మబ్బు కమ్మితే మాత్రం గడ్డకట్టే చలిలో టెలికాం టవర్లు తప్ప ఏమీ కనిపించవు. మొదటి రెండు రోజులు ఆకాశాన్ని గమనించి, తరువాత నిర్ణయించుకోండి. ఎక్కిన మరునాడు కాళ్లు సహకరించవు కాబట్టి ఆ రోజున ఇంకో నడక పెట్టుకోవద్దు.

గైడు అవసరమా అన్న ప్రశ్నకు నా జవాబు: జలపాతాల వంటి గుర్తులున్న చిన్న బాటలకు అక్కర్లేదు, మిగిలిన వాటికి కావాలి. 2014 ఏప్రిల్‌లో ఊరికి ఉత్తరాన ఉన్న ఎల్ పియానిస్తా బాటలో నడవడానికి వెళ్లిన ఇద్దరు డచ్ యువతులు తిరిగి రాలేదు. కొన్ని నెలల తరువాత వారి అవశేషాలు కొండకు అవతల, కరీబియన్ వైపు అడవిలో దొరికాయి. ఆ బాట ఎక్కి చేరే శిఖరాగ్రం వరకు దారి స్పష్టంగానే ఉంటుంది. దాని తరువాత కనిపించే కాలిదారులు ఆ అడవుల్లో నివసించే ఆదివాసులు తమ అవసరాలకు వాడుకునేవి, వాటికి గుర్తులుండవు, ఫోను సిగ్నల్ కూడా ఉండదు. గైడు లేకుండా వెళ్తే శిఖరం నుంచే వెనుదిరగండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో బసలో రాసిపెట్టి వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి సెలవులు జూలైలోనే. వర్షాకాలంలో బోకెతే వెళ్లడం వృథా అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మే నుంచి నవంబరు దాకా వానలే అయినా, చాలా రోజుల్లో ఉదయం తేటగా ఉండి మధ్యాహ్నం తరువాత జోరువాన కురుస్తుంది. తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి వస్తే అడవి చూడవచ్చు. అయితే వాగులు గంటల్లోనే పొంగుతాయి. వాగు దాటవలసిన బాటలను ఆ నెలల్లో వదిలేయండి, కెట్సాల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: సంచిలో ఏమేం పెట్టుకోవాలి? బరువు ఎంత తగ్గించవచ్చు?

జవాబు: పెద్ద సంచి బోకెతేలో ఉంచి, రోజు నడకకు చిన్న సంచి తీసుకెళ్లండి. అందులో గాలిని, వానను ఆపే జాకెట్, ఒక పొడి స్వెటర్, మామూలు లైటు కాక తలకు కట్టుకునే లైటు, నీరు, ఆహారం, పాస్‌పోర్టు నకలు ఉండాలి. భూమధ్యరేఖకు దగ్గర కావడం వల్ల సాయంత్రం ఆరున్నర దాటితే చీకటి వేగంగా కమ్ముకుంటుంది, దట్టమైన చెట్ల కింద ఇంకా ముందే. అందుకే పగటి నడకకైనా తలలైటు అవసరం. జీన్స్ తడిస్తే ఆరవు, తీసుకెళ్లవద్దు. బరూ ఎక్కేవారు మాత్రం చేతి తొడుగులు, ఊలు టోపీ, రెండో పొర వెచ్చని దుస్తులు కలుపుకోవాలి. ఆ బరువు తగ్గించుకోదగినది కాదు.