బుక్కరాయసముద్రం మండలానికి చెరువుల పటం: పోర్టల్‌లో ఏం వెతకాలి, ఎలా వెతకాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బుక్కరాయసముద్రం మండలంలోని చెరువులు, కుంటలు, వాటికి నీరు తెచ్చే వంకలు కనిపించేలా ఒక పటం కావాలి, గ్రామసభలో గోడకు తగిలిస్తే అందరికీ కనబడాలి. ఇస్రో వారి పటాల పోర్టల్ భువన్‌లో మండలం పేరు కొట్టి చూస్తే రోడ్లు, ఉపగ్రహ చిత్రం తప్ప ఇంకేమీ రాలేదు. డబ్బు పెట్టి కొనకుండా ఈ సమాచారం ఎక్కడ దొరుకుతుంది, దొరికినదాన్ని పటంగా మార్చడం ఎలా అని అడిగారు. అనంతపురం జిల్లాలో కొన్నేళ్లుగా చెరువులకు, వాటర్‌షెడ్‌లకు పటాలు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి, నా అనుభవంలో తేలిన సంగతులు రాస్తున్నాను.

మొదట వెతికే పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే ఆగిపోతున్నారు. భౌగోళిక సమాచారాన్ని పేరుతో వెతికితే సగం దొరకదు. దాన్ని చోటుతోనూ, కాలంతోనూ వెతకాలి. మీ మండలాన్నే తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట బుక్కరాయసముద్రం అని కలిపి రాశారు, మరొకచోట బుక్కరాయ, సముద్రం అని విడదీశారు, ఇంకొకచోట బీకే సముద్రం అని కుదించారు. అనంతపురం పేరుకే మూడు నాలుగు వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏదో ఒకటి కొట్టి, ఏమీ రాలేదు కాబట్టి సమాచారమే లేదని అనుకోవడం సరికాదు. పైగా ఉపగ్రహ చిత్రాలకు ఊరి పేరుతో సంబంధమే లేదు, నేల మీది చోటు ప్రకారం ముక్కలు చేసి వాటిని భద్రపరుస్తారు. అందువల్ల ఏ పోర్టల్‌లోకి వెళ్లినా పేరు రాసే గడిని వదిలి, పటం మీద మీరే ఒక చతురస్రం గీసే సాధనం ఎక్కడుందో చూడండి. బుక్కరాయసముద్రం సుమారు 14.69 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.64 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దాని చుట్టూ గీసే చతురస్రం మండల సరిహద్దును దాటి బాగా బయటికి పోవాలి. వంక ఏ మండలంలో పుట్టి ఏ మండలంలోని చెరువులో కలుస్తుందో సరిహద్దు గీత నిర్ణయించదు. సరిహద్దు దగ్గరే ఆపేస్తే చెరువు కనిపిస్తుంది గాని, దాన్ని నింపే పరివాహక ప్రాంతం తెగిపోతుంది.

ఆ చతురస్రం చేతిలో ఉన్నాక, మొట్టమొదట సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటం దించుకోండి. 1:50,000 స్కేలులో ఉండే ఈ పటాలను 2017 నుంచి వారి పోర్టల్‌లో ఉచితంగా పీడీఎఫ్ రూపంలో ఇస్తున్నారు, పేరు నమోదు చేసుకుంటే చాలు. పాత వరుస సంఖ్యల్లో అనంతపురం, బుక్కరాయసముద్రం రెండూ 57 ఎఫ్/10 షీటులోకి వస్తాయి. ఉత్తరాన 57 ఎఫ్/9 కూడా మీకు అవసరమవుతుంది. ఈ పటంలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. నీలి గీతలు మాత్రమే నీళ్లని అనుకొని చూస్తే మన జిల్లాలో వంకలు కనిపించవు. ఏడాది పొడవునా పారని వాగులను ఈ పటాల్లో నల్ల గీతలతో చూపిస్తారు, మన వంకల్లో చాలా భాగం ఆ కోవకే చెందుతాయి. కొత్తగా చూసేవారికి అవి బండ్లబాటల్లా కనిపిస్తాయి. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఎత్తు గీతలు ఆ నల్ల గీతను దాటేచోట ఎగువకు వంపు తిరిగాయో లేదో గమనిస్తే అది వంకో, బాటో తెలిసిపోతుంది. ఈ పటం పాతదే కావచ్చు, కానీ చెరువు కట్ట, వంక దారి, గుట్ట వాలు మనిషి నేల మీద సరిచూసి గీసినవి కాబట్టి తక్కినవన్నీ దీనితో పోల్చి చూసుకోవాలని నా అభిప్రాయం.

ఇక భువన్. ఇస్రోకు చెందిన హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2009లో ప్రారంభించిన ఈ పోర్టల్‌లో మీరు చూసింది ముఖద్వారం మాత్రమే. లోపల థీమాటిక్ విభాగంలో భూవినియోగం, బీడు భూములు వంటి పొరలు (ఒక్కో అంశాన్ని విడిగా చూపే పటాలు) ఉంటాయి. 1:50,000 స్కేలులో భూవినియోగ పటం 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాలకు విడివిడిగా ఉంది. ఈ మూడింటినీ ఒకదాని తరువాత ఒకటి తెరిచి చూస్తే ఊరి చుట్టూ ఏ నేల పొలం నుంచి ఇళ్ల స్థలంగా మారిందో స్థూలంగా తెలుస్తుంది. అయితే ఇక్కడ ఒక భేదం గట్టిగా గుర్తుంచుకోవాలి. పోర్టల్ మనకు చూపించే పొరల్లో చాలావరకు బొమ్మలు, కొలవడానికి వీలైన దత్తాంశం (డేటా) కాదు. వాటిని డబ్ల్యూఎంఎస్ అనే లంకె ద్వారా, పటాలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోకి తెచ్చుకొని మీ పటం కింద పరచుకోవచ్చు, కానీ అందులోని చెరువును పట్టుకొని దాని విస్తీర్ణం ఎంత అని అడిగితే జవాబు రాదు. కొలవాలంటే దత్తాంశాన్నే దించుకోవాలి. ఆ పనికి అదే సంస్థ నడిపే భూనిధి అనే మరో పోర్టల్ ఉంది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు, కార్టోశాట్ ఉపగ్రహం నుంచి తయారైన 30 మీటర్ల ఎత్తు నమూనా (ప్రతి 30 మీటర్ల గడికి నేల ఎత్తు చెప్పే దత్తాంశం) అందులో దొరుకుతాయి.

మీ అసలు అవసరం చెరువుల్లో నీరు ఎంతమేర నిలుస్తుందో చూపించడం కాబట్టి, దానికి నేను వాడేది ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. అవి దొరికే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఖాతా తెరవడానికి ఖర్చేమీ లేదు. చతురస్రం గీసి, తేదీ ఎంచుకొని, మేఘాలు పది శాతం లోపు ఉన్న చిత్రాలే చూపమని అడగండి. రెండు ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకొకసారి మన నెత్తిమీదుగా పోతాయి కాబట్టి చిత్రాలకు కొరత ఉండదు, కొరత మబ్బు లేని రోజులకే. జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో మిగతా నెలల కంటే ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది, సరిగ్గా ఆ నెలల్లోనే చిత్రం మసకగా ఉంటుంది. నవంబరు చివర గాని డిసెంబరులో గాని ఒక నిర్మలమైన రోజును ఎంచుకుంటే చెరువు నిండుతనం కనిపిస్తుంది. అదే ఏడాది వేసవి చివర మేలో మరొకటి తీసుకోండి. ఈ రెండు తేదీల మధ్య నీటి అంచు ఎంత వెనక్కి తగ్గిందో చూపే పటం గ్రామసభలో ఎవరికైనా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఒకే తేదీ చిత్రంతో గీసిన పటానికి ఆ బలం ఉండదు. హంద్రీ-నీవా నీరో, తుంగభద్ర ఎగువ కాలువ నీరో చేరే చెరువులు కూడా జిల్లాలో ఉన్నాయి కాబట్టి, వాన లేని నెలలో చెరువు నిండుగా కనిపిస్తే దాన్ని చిత్రం పొరపాటని తోసిపుచ్చకుండా కాలువ ఎప్పుడు వదిలారో కనుక్కోండి.

నీటిని వేరుచేయడానికి ఎన్‌డీడబ్ల్యూఐ అనే సూచిక ఆ బ్రౌజర్‌లోనే సిద్ధంగా ఉంది. ఆకుపచ్చ కాంతి విలువలోంచి సమీప పరారుణ కాంతి విలువను తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె అది. సెంటినెల్-2లో ఇవి మూడవ, ఎనిమిదవ బ్యాండ్లు (ఒక్కో రకం కాంతిని విడిగా నమోదు చేసేవి), రెండూ 10 మీటర్ల స్పష్టతతో వస్తాయి. నీరు సమీప పరారుణాన్ని దాదాపుగా మింగేస్తుంది కాబట్టి నీళ్లున్నచోట ఆ అంకె సున్నాకు పైన ఉంటుంది, పైరు, పొడి నేల ఉన్నచోట కిందికి పోతుంది. ఇది పుస్తకంలో చెప్పే మాట. మన చెరువుల్లో దీనికి రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, చెరువు లోపలి భాగంలో దట్టంగా పెరిగిన కంపచెట్లు. వాటి కింద మోకాలి లోతు నీరున్నా ఉపగ్రహానికి కనిపించేది ఆకే. రెండు, మొదటి వానలకు వచ్చే ఎర్రని బురద నీరు. అందులో మట్టి ఎక్కువైనకొద్దీ సూచిక సున్నా దగ్గరికి జారుతుంది. అందుకే సూచిక ఇచ్చిన అంచును అలాగే పటంలో పెట్టవద్దు. అదే తేదీ చిత్రాన్ని ఎనిమిదవ, నాలుగవ, మూడవ బ్యాండ్లతో తెరవండి. పైరు ఎర్రగా, లోతు నీరు నల్లగా, బురద నీరు లేత నీలంగా కనిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టుకొని అంచును చేత్తో సరిదిద్దండి. ఈ పని విసుగు పుట్టించేదే, కానీ పటం నాణ్యత ఇక్కడే తేలుతుంది.

ఎంత చిన్న కుంట వరకు చూపించవచ్చని కూడా అడిగారు. చిత్రంలోని ఒక్కో చిన్న గడిని పిక్సెల్ అంటారు, 10 మీటర్ల పిక్సెల్ అంటే వంద చదరపు మీటర్లు. ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు వస్తాయి. అర ఎకరం కుంటకు 20 వస్తాయి గాని, వాటిలో చాలా భాగం గట్టు, నీరు కలిసిపోయిన అంచు పిక్సెళ్లే. పొలంలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుతో తవ్విన సేద్యపు కుంట ఒక్క పిక్సెల్‌కు మించదు, అది చాలాసార్లు కనిపించదు. కాబట్టి ఎకరం లోపు వాటిని ఈ చిత్రం నుంచి గీయవద్దని నా సలహా. వాటి దగ్గరికి వెళ్లి ఫోన్‌లోని జీపీఎస్‌తో చుక్కగా గుర్తించి, పటంలోనూ చుక్కగానే చూపించండి.

చెరువుల గత చరిత్ర కావాలంటే, ఐరోపా సంయుక్త పరిశోధన కేంద్రం తయారుచేసిన ఉపరితల నీటి పటం చూడండి. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 1984 నుంచి ప్రతి 30 మీటర్ల గడిలో నీరు ఎంత తరచుగా కనిపించిందో అది చెబుతుంది.

వంకల విషయానికి వస్తే, 30 మీటర్ల ఎత్తు నమూనాను క్యూజీఐఎస్‌లో పెట్టి నీటి ప్రవాహ దారులను గీయించవచ్చు. గుట్టల దగ్గర ఫలితం బాగా వస్తుంది. చదునైన నేలలో, రోడ్డు కట్టలు, కాలువ గట్లు అడ్డుపడ్డచోట మాత్రం కంప్యూటర్ గీసిన గీత నిజమైన వంకను వదిలి ఎటో పోతుంది, ఎందుకంటే కట్ట కింద ఉన్న తూము దానికి తెలియదు. అలాంటిచోట ఇందాకటి 57 ఎఫ్ షీటులోని నల్ల గీతనే నమ్మండి.

విస్తీర్ణం కొలిచే ముందు ప్రొజెక్షన్, అంటే గుండ్రని భూమిని చదునైన పటంగా మార్చే పద్ధతి, తప్పక సరిచూసుకోవాలి. పోర్టల్ నుంచి వచ్చేవి తరచుగా డిగ్రీల్లో ఉంటాయి, డిగ్రీల్లో ఉన్న పొర మీద వైశాల్యం లెక్కిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. మన ప్రాంతంలో మరో చిక్కు కూడా ఉంది. భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం విధానంలో 43వ పట్టీకీ, 44వ పట్టీకీ సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ రేఖ మన జిల్లాల గుండానే పోతుంది. అనంతపురం, ధర్మవరం, పుట్టపర్తి 43లో ఉంటే, కదిరి, కడప, కర్నూలు 44లోకి వస్తాయి. మీ మండలానికి 43 ఉత్తరం, అంటే క్యూజీఐఎస్‌లో ఆ ప్రొజెక్షన్‌కు ఉన్న సంకేత సంఖ్య ఈపీఎస్‌జీ 32643 వాడండి. తాడిపత్రి వైపు నుంచి ఎవరైనా 32644లో తయారుచేసిన పొర ఇస్తే కంగారు పడనక్కరలేదు, దాన్ని ముందుగా 32643లోకి మార్చి ఆ తరువాతే కలపండి.

సరిహద్దుల పొర దించుకునేటప్పుడు అది ఏ సంవత్సరానిదో చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. అంతర్జాతీయ పోర్టళ్లలో నేటికీ పాత హద్దులే ఉన్న పొరలు చాలా ఉన్నాయి. 2011 జనగణన పట్టికలన్నీ పాత జిల్లా ప్రకారమే ఉంటాయి. పట్టికను పటానికి జోడించేటప్పుడు ఊరి పేరుతో జోడిస్తే వర్ణక్రమం తేడా వల్ల సగం ఊళ్లు ఖాళీగా మిగులుతాయి. జనగణన ఇచ్చే గ్రామ సంకేత సంఖ్యతో గాని, స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని సంకేతంతో గాని జోడించండి. సర్వే నంబర్ల హద్దులు కావాలని ఎవరైనా అడిగితే, రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ మీభూమిలో దొరికే ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకలు కొలతల చిత్రం మాత్రమేననీ, దాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి హద్దులు తేల్చడం తగదనీ చెప్పండి. చెరువు శిఖం భూముల్లో (నీరు నిలిచే నేలలో) తగాదాలున్న ఊళ్లలో ఈ జాగ్రత్త చాలా అవసరం.

పేర్లను తెలుగులోనే రాయండి, ఈ విషయంలో నాది గట్టి పట్టుదల. గ్రామసభలో కూర్చునేవారు చదవలేని పటం వారికి ఉపయోగపడదు. పటం పొరను షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రకంలో దాస్తే తెలుగు అక్షరాలు తరచుగా చెడిపోతాయి, కాలమ్ పేరు కూడా పది అక్షరాలకు మించనివ్వదు. జియోప్యాకేజీ అనే కొత్త ఫైలు రకంలో భద్రపరిస్తే ఆ ఇబ్బంది లేదు. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టించిన పేర్ల జాబితా తెచ్చుకుంటే క్యూజీఐఎస్‌లో అది అర్థం లేని గుర్తులుగా మారుతుంది, అందుకని యూనికోడ్‌లోనే కొట్టించండి. ఫ్లెక్సీ మీద అచ్చు వేయించడానికి 1:25,000 స్కేలు చాలు. ఇరవై కిలోమీటర్ల వెడల్పున్న ప్రాంతం 80 సెంటీమీటర్లలో ఇముడుతుంది, 10 మీటర్ల పిక్సెల్ అర మిల్లీమీటరు కంటే చిన్నదిగా ఉండి అంచులు మెట్లుమెట్లుగా కనిపించవు. కింద మూలలో చిత్రం తేదీ, అది ఏ సంస్థ నుంచి వచ్చిందో తప్పకుండా రాయండి.

అచ్చుకు ఇచ్చే ముందు చిత్తుప్రతిని చెరువు తూములు చూసుకునే మీ ఊళ్లోని నీరుగంటికి చూపించండి. ఏ తూము కింద ఎంత ఆయకట్టు ఉందో, మరువ పారితే నీరు ఏ వంకలో పడి ఏ చెరువుకు చేరుతుందో ఆయన చెప్పగలరు. ఆయన చెప్పిన గొలుసుకట్టు వరుసను బాణపు గుర్తులతో చూపిస్తే మీ పటంలో ఏ పోర్టల్‌లోనూ దొరకని పొర ఒకటి చేరుతుంది. కట్టల పేర్లు, వంకల పేర్లు ఆయన దగ్గరే రాసుకొని, ఆ తరువాత ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా చేర్చండి, పక్క మండలం వాళ్లు వెతికినప్పుడు వారికి అవి దొరుకుతాయి. క్యూజీఐఎస్‌లో ఎక్కడైనా ఆగిపోతే, ఏ పొర, ఏ తేదీది, ఏ ప్రొజెక్షన్‌లో ఉందో మూడూ రాసి అడగండి. అవి తెలిస్తే జవాబు చెప్పడం సులువవుతుంది.