తొకాయ్ ఫుర్మింట్ వైన్ తియ్యగా ఉంటుందా? దానితో ఏ వంటకాలు వడ్డించాలి?

హంగరీ నుంచి స్నేహితుడు తెచ్చిన తొకాయ్ ఫుర్మింట్ వైన్ తియ్యగా ఉంటుందా, దానితో ఏం వడ్డించాలి, మన చేపల పులుసు పనికొస్తుందా అని మీరు అడిగారు. నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా బుడాపెస్ట్‌లో ఉంటున్నాను. తొకాయ్ ప్రాంతానికి తరచుగా వెళ్లివస్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు సీసా మీది లేబుల్ చూడండి. ఎస్, జెడ్ అక్షరాలతో మొదలయ్యే 'సారజ్' అనే మాట ఉంటే అది తీపి లేని వైన్, 'ఏదెష్' అని ఉంటే తీపి వైన్. 'సారజ్'కు ముందు 'ఫేల్' చేరితే కొద్దిపాటి తీపి ఉంటుందని అర్థం. ఫుర్మింట్ అనేది ద్రాక్ష రకం పేరు మాత్రమే. అదే ద్రాక్షతో తీపి లేని వైనూ, లోకప్రసిద్ధమైన 'అసూ' అనే తియ్యని వైనూ తయారవుతాయి కాబట్టి, తొకాయ్ అన్న పేరు చూసి రుచిని నిర్ణయించుకోకూడదు.

తొకాయ్ హంగరీకి ఈశాన్యంలో, జెంప్లేన్ కొండల దిగువన, బొద్రోగ్ నది తిసాలో కలిసే చోట ఉంది. శరదృతువులో ఆ నదుల మీద నుంచి ఉదయం పొగమంచు లేస్తుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఈ తడిపొడి వాతావరణంలో బొట్రైటిస్ అనే బూజు పట్టి పండ్లు తీగ మీదే ముడుచుకుపోతాయి. మాడ్ అనే ఊరి తోటలో అలాంటి పండు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎండుద్రాక్షలా ముడతలు పడి, గోధుమరంగుకు తిరిగి, వేళ్లకు జిగటగా అంటుకుంది. ఇలాంటి పండ్లను ఒక్కొక్కటిగా ఏరి అసూ చేస్తారు. నేటి నిబంధనల ప్రకారం అందులో లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలి. ఈ ప్రాంతపు సరిహద్దులను 1737లోనే రాజశాసనంతో నిర్ణయించారు, 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కమ్యూనిస్టుల కాలంలో ప్రభుత్వ సంస్థ అన్ని తోటల పంటను కలిపేసి భారీ ఎత్తున తయారుచేయడంతో నాణ్యత దెబ్బతింది; 1990 తర్వాత తోటలు మళ్లీ విడివిడి యజమానుల చేతికి వచ్చాక, ఒక్కో తోట పేరుతో తీపి లేని ఫుర్మింట్ చేయడం ఊపందుకుంది. నా దృష్టిలో ఈ నేల స్వభావం అందులోనే ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది.

సారజ్ ఫుర్మింట్‌లో పచ్చి ఆపిల్, బేరిపండు వాసనలతోపాటు, అగ్నిపర్వత శిలల నేల మీద పెరిగినందువల్లనేమో, కొంచెం పొగ ఛాయ కూడా తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది దాని పులుపు. నాలుక అంచులను గట్టిగా పట్టే ఆ పులుపు వెన్న, మీగడ ఉన్న వంటకాల జిడ్డును కోసేస్తుంది. అందుకే పుల్లటి మీగడతో చేసే చిర్కెపాప్రికాష్ అనే కోడికూరకు, వేయించిన చేపకు, పంది మాంసానికి అది చక్కగా సరిపోతుంది. నదిచేపలతో, పాప్రికా పొడితో ఎర్రగా వండే హలాస్‌లే పులుసుతోనూ నాకు బాగా నచ్చింది. అసూ అయితే బాతు కాలేయం, నీలి చారల జున్ను వంటి కొవ్వు, ఉప్పు ఎక్కువున్నవాటితో బాగుంటుంది.

ఇక మన చేపల పులుసు సంగతి. చింతపండు పులుపు ముందు చాలా తెల్లవైన్లు నీళ్లలా చప్పబడతాయి, ఫుర్మింట్ మాత్రం తట్టుకుంటుంది. అయితే వైన్‌లోని ఆల్కహాల్ కారాన్ని మరింత మండిస్తుంది. కాబట్టి మీ ఇంటి పులుసు గుంటూరు మిరపకాయల ఘాటుతో ఉండేదైతే, కారం తగ్గించి వండండి, లేదా ఫేల్‌సారజ్ సీసా ఎంచుకోండి. పులిహోరకు, ఆవ పెట్టిన కూరలకు సారజ్ రకమే బాగుంటుంది. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే పోయకుండా కాసేపు బయట ఉంచి, 10–12 డిగ్రీల దగ్గర వడ్డించండి. మరీ చల్లగా ఉంటే వాసనలు అణిగిపోయి పులుపొక్కటే మిగులుతుంది.