పొలాల మధ్య పనికిరాని కోటలు

ప్రశ్న: బ్రిటన్, ఐర్లండ్ పల్లెల ఫొటోల్లో పొలాల మధ్య ఏ పనికీ రాని టవర్లు, సగం కోటలు కనిపిస్తుంటాయి కదండీ, అవి ఎవరు, ఎందుకు కట్టించారు?

జవాబు: వాటిని ఫాలీలు అంటారండీ. ఎక్కువగా 18వ శతాబ్దంలో జమీందార్లు తమ ఎస్టేట్‌లో వ్యూ బాగుండాలని కట్టించుకున్నవే. ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరి పైన కొండ మీదున్న షామ్ క్యాసిల్ చూడండి, 1762లో కట్టారు, దూరం నుంచి పెద్ద కోటలా ఉంటుంది గానీ దగ్గరికెళ్తే ఒట్టి ముందు గోడే, మన సినిమా సెట్టింగ్ టైపు.

అన్నీ డాబు కోసమే అనుకోకండి. ఐర్లండ్‌లో 1740-41 కరువప్పుడు కేథరిన్ కనోలీ అనే ఆవిడ, చుట్టుపక్కల పేదలకి కూలి దొరకాలని దాదాపు 140 అడుగుల ఎత్తున కమానుల మీద కమానులు పెట్టి స్తంభం కట్టించింది, పని కల్పించడమే అసలు ఉద్దేశం అన్నమాట.

నాకైతే స్కాట్లండ్‌లోని డన్మోర్ పైనాపిల్ బాగా ఇష్టం. తోట గోడ మధ్యలో ఇంత పెద్ద రాతి అనాసపండు! అప్పట్లో అక్కడ అనాస అంటే మహా ఖరీదు, అద్దాల గదుల్లో వేడి పెట్టి మరీ పెంచేవాళ్ళు, గోడ మీద అందంగా కనిపించే కలశాలు నిజానికి ఆ పొయ్యిల పొగ గొట్టాలే. రాతి ఆకుల్లో నీళ్ళు నిలిచి గడ్డకట్టి రాయి పగలకుండా, ఒక్కో ఆకు మీది నీళ్ళు వేటికవే జారిపోయేలా చెక్కారు, పిచ్చి పనే అయినా పనితనం మాత్రం అదుర్స్. ఇప్పుడు దాన్ని టూరిస్టులకి అద్దెకిస్తున్నారు కూడా.